లైనక్స్ కంప్యూటరుకు వైర్‌లెస్ కార్డు: కొనేముందు తెలుసుకోవలసిన విషయాలు



ఈ రోజుల్లో చదువుకు సంబంధించిన పనులు చాలా వరకు ఇంటర్నెట్టు ద్వారానే జరుగుతున్నాయి. రాష్ట్ర ప్రభుత్వపు ఎస్.ఎస్.పి. పోర్టల్‌లో గానీ, కేంద్ర ప్రభుత్వపు ఎన్.ఎస్.పి. పోర్టల్‌లో గానీ స్కాలర్‌షిప్ దరఖాస్తు వేయాలన్నా, సి.ఇ.టి. తరువాత కాలేజీల ఆప్షన్లు ఎంట్రీ చేయాలన్నా నెట్ కావాలి. వీటన్నిటికీ గడువు తేదీలు ఉంటాయి. తేదీ దాటాక కారణం ఎంత నిజమైనదైనా పోర్టల్ తెరుచుకోదు.

కొత్త లాప్‌టాప్ కొనే స్తోమత లేని కుటుంబాలు బెంగళూరు ఎస్.పి. రోడ్డులో గానీ, తెలిసినవారి ద్వారా గానీ సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ తీసుకుంటుంటాయి. ఇవి చాలా వరకు కంపెనీలు కొన్నేళ్లు వాడి పక్కన పెట్టినవి. బోర్డు, స్క్రీన్ బాగుంటే చదువుకు చక్కగా సరిపోతాయి. అయితే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ సపోర్టు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 అడిగే హార్డ్‌వేర్ అర్హతలు పాత లాప్‌టాప్‌లలో చాలా వాటికి లేవు. అందుకని చాలామంది విద్యార్థులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకుంటున్నారు. ఇది మంచి దారే.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. లైనక్స్ వేశాక స్క్రీన్, కీబోర్డు, సౌండ్ అన్నీ పని చేస్తాయి గానీ, కొన్ని మెషీన్లలో వై-ఫై మాత్రం కనబడదు. వెంటనే అంగడికి వెళ్లి ఏదో ఒక యూఎస్‌బీ వై-ఫై డాంగిల్ కొంటారు. దానితో వచ్చిన సీడీలో ఉన్నది విండోస్ సాఫ్ట్‌వేర్. అది లైనక్స్‌లో పనికిరాదు. ప్యాకెట్ చించిన వస్తువును అంగడివారు తిరిగి తీసుకోరు. డబ్బు పోతుంది, నెట్ రాదు, దరఖాస్తు తేదీ దగ్గరపడుతుంది.

ఈ నష్టం రాకుండా ఉండటానికి ఒకే ఒక సూత్రం ఉంది. పెట్టె మీద ఉన్న కంపెనీ పేరు చూసి కొనకూడదు, లోపల ఉన్న చిప్ పేరు తెలుసుకొని కొనాలి. మన శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్టులో రీలర్లు గూడును చేతిలోకి తీసుకొని చూడకుండా ధర పెట్టరు కదా! వైర్‌లెస్ కార్డు విషయంలోనూ అంతే.

చిప్, డ్రైవర్, ఫర్మ్‌వేర్

లైనక్స్‌ను 1991లో ఫిన్లాండ్‌లో లీనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టారు. దాని మూలభాగాన్ని కెర్నెల్ అంటారు. దీని సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు. ఉబుంటు, లైనక్స్ మింట్, డెబియన్ మొదలైనవన్నీ ఈ కెర్నెల్ మీద కట్టిన వేరువేరు రూపాలు.

వైర్‌లెస్ కార్డు పని చేయాలంటే మూడు కావాలి.

మొదటిది చిప్. రేడియో తరంగాలను పంపేది, అందుకునేది ఇదే. చిప్‌లను తయారుచేసే ప్రధాన కంపెనీలు కొన్నే: ఇంటెల్, రియల్‌టెక్, మీడియాటెక్, క్వాల్‌కామ్ ఎథెరాస్, బ్రాడ్‌కామ్. టీపీ-లింక్, డీ-లింక్ వంటి పేర్లతో మనం కొనే డాంగిల్‌లలో వీటిలో ఏదో ఒక కంపెనీ చిప్ ఉంటుంది.

రెండవది డ్రైవర్. చిప్‌తో ఎలా మాట్లాడాలో కంప్యూటరుకు చెప్పే ప్రోగ్రామ్ ఇది. విండోస్‌లో చాలాసార్లు కంపెనీ ఇచ్చిన డ్రైవర్‌ను మనమే వేసుకోవాలి. లైనక్స్‌లో చాలా డ్రైవర్లు కెర్నెల్‌లోనే కలిసి వస్తాయి. డ్రైవర్ కెర్నెల్‌లో ఉన్న కార్డు పెట్టిన వెంటనే పని చేస్తుంది. సీడీ అక్కరలేదు, డౌన్‌లోడ్ అక్కరలేదు.

మూడవది ఫర్మ్‌వేర్. చిప్ లోపలికి ఎక్కించవలసిన చిన్న ఫైలు ఇది. డ్రైవర్ ఉండి ఫర్మ్‌వేర్ లేకపోతే కార్డును కంప్యూటరు గుర్తిస్తుంది గానీ నెట్‌వర్కులు కనబడవు. ఉబుంటు, మింట్‌లలో ఎక్కువ చిప్‌ల ఫర్మ్‌వేర్ ముందే ఉంటుంది. డెబియన్‌లో చాలాకాలం ఇది ఇన్‌స్టాలర్‌లో ఉండేది కాదు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి కలిపి ఇస్తున్నారు. కాబట్టి పాత డెబియన్ పెన్‌డ్రైవ్ వాడేవారు కొత్తది తయారుచేసుకోవడం మంచిది.

ఈ చిక్కు ఎలా వచ్చింది?

వై-ఫైకి ఆధారమైన 802.11 ప్రమాణం 1997లో వచ్చింది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండును లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005లో ప్రభుత్వం అనుమతించింది. అప్పట్లో చిప్ కంపెనీలు చాలా వరకు విండోస్‌కు మాత్రమే డ్రైవర్ ఇచ్చేవి. చిప్ పని చేసే వివరాలు బయటపెట్టేవి కావు. లైనక్స్ ప్రోగ్రామర్లు ఆ వివరాలు తామే కనిపెట్టి డ్రైవర్లు రాయవలసి వచ్చేది. విండోస్ డ్రైవర్‌నే లైనక్స్‌లో నడిపించే ఎన్‌డీఐఎస్-ర్యాపర్ అనే ఉపాయం కూడా ఆ రోజుల్లోనిదే. ఇప్పటికీ కొందరు దాని పేరు చెబుతుంటారు గానీ, నేటి కార్డులకు దానిని నమ్ముకోవద్దు.

క్రమంగా పరిస్థితి మారింది. 2004లో ఇంటెల్ తన సెంట్రినో కార్డులకు లైనక్స్ డ్రైవర్ల పని ప్రారంభించింది. 2008లో ఎథెరాస్ కంపెనీ తన కొత్త చిప్‌లకు ఎథ్9కె అనే డ్రైవర్‌ను సోర్స్ కోడ్‌తో సహా విడుదల చేసింది. 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామ్ కూడా కొన్ని చిప్‌లకు అదే పని చేసింది.

ఈ కథలో తెలుగు నేల పాత్ర కూడా ఉంది. వెంకట్ మత్తెల 2001లో స్థాపించిన రెడ్‌పైన్ సిగ్నల్స్ కంపెనీకి హైదరాబాదులో పరిశోధనా కేంద్రం ఉండేది. యంత్రాలలో, చిన్న పరికరాలలో వాడే వై-ఫై చిప్‌లను ఆ కంపెనీ తయారుచేసింది. వాటి డ్రైవర్ 2014లో వచ్చిన 3.15 కెర్నెల్‌లో చేరింది. 2020లో రెడ్‌పైన్ వైర్‌లెస్ వ్యాపారాన్ని సిలికాన్ ల్యాబ్స్ కొన్నది. ఈ చిప్‌లు మనం అంగడిలో కొనే డాంగిల్‌లలో ఉండేవి కావు. అయినా మన విద్యార్థులు గమనించవలసిన సంగతి ఒకటుంది. కెర్నెల్‌లో కోడ్ రాసేవారు ఎక్కడో దూరదేశాలలోనే ఉన్నారనుకోవద్దు, అది మనవాళ్లూ చేస్తున్న ఉద్యోగమే.

పేరు ఒకటే, చిప్ వేరు

చిప్ పేరే ఎందుకు చూడాలో ఒక ఉదాహరణతో తెలుస్తుంది. టీపీ-లింక్ వారి టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ అనే డాంగిల్ లైనక్స్ వాడేవారిలో ఎంతో పేరు పొందింది. దాని మొదటి వెర్షన్‌లో ఎథెరాస్ ఏఆర్9271 చిప్ ఉండేది. అది లైనక్స్‌లో ఏ ఇబ్బందీ లేకుండా పని చేసేది. తరువాత అదే పేరుతో, అదే ఆకారంలో వచ్చిన రెండవ, మూడవ వెర్షన్లలో రియల్‌టెక్ ఆర్‌టీఎల్8188ఈయూఎస్ చిప్ పెట్టారు. పాత సలహా చదివి కొత్త వెర్షన్ కొన్నవారు డ్రైవర్ కోసం తిప్పలు పడ్డారు.

ఇది కొత్త విషయం కూడా కాదు. 2000ల మొదటి సంవత్సరాలలో డీ-లింక్ వారి డీడబ్ల్యూఎల్-650 కార్డులో ఒక రకం చిప్ ఉంటే, పేరు చివర ప్లస్ గుర్తు ఉన్న డీడబ్ల్యూఎల్-650+ కార్డులో మరో కంపెనీ చిప్ ఉండేది. ఒక్క గుర్తు తేడాతో లైనక్స్‌లో పని చేసేదీ చేయనిదీ మారిపోయేది.

కాబట్టి మోడల్ నంబరుతో పాటు వెర్షన్ కూడా చూడాలి. టీపీ-లింక్ వంటి కంపెనీలు దీనిని పెట్టె కింద లేబుల్ మీద వీ1, వీ2, వీ3 అని ముద్రిస్తాయి.

కొనడానికి ముందు ఇంట్లోనే చూడవలసినవి

వై-ఫై రాకపోతే ప్రతిసారీ కార్డే కారణం కాదు. కింది నాలుగు పరీక్షలు చేసిన తరువాతే డబ్బు ఖర్చు పెట్టండి.

1. స్విచ్ చూడండి. కొన్ని పాత లాప్‌టాప్‌లకు పక్కన వై-ఫై స్విచ్ ఉంటుంది. మరికొన్నిటిలో విమానం బొమ్మ ఉన్న కీ ఉంటుంది. టెర్మినల్‌లో ఆర్, ఎఫ్, కె, ఐ, ఎల్, ఎల్ అనే అక్షరాలు కలిపి, ఒక ఖాళీ వదిలి లిస్ట్ అనే మాటను టైపు చేస్తే కార్డు ఆగి ఉన్నదా లేదా చూపిస్తుంది. హార్డ్ బ్లాక్‌డ్ ఎదురుగా ఎస్ అని ఉంటే అది స్విచ్ సంగతి, కార్డు సంగతి కాదు.

2. విండోస్ కూడా ఉన్న లాప్‌టాప్ అయితే విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపి, పూర్తిగా షట్‌డౌన్ చేసి, మళ్లీ లైనక్స్‌లోకి రండి. విండోస్ సగం నిద్రలో ఉన్నప్పుడు కార్డును వదలకపోవడం జరుగుతుంటుంది.

3. ఫోన్ ద్వారా నెట్ ఇవ్వండి. ఆండ్రాయిడ్ ఫోన్‌ను డేటా కేబుల్‌తో లాప్‌టాప్‌కు తగిలించి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్, టెదరింగ్ అన్న చోట యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేయండి. లైనక్స్ దీనిని వైరుతో వచ్చిన నెట్‌వర్కుగా గుర్తిస్తుంది. ప్రత్యేకంగా డ్రైవర్ అక్కరలేదు. ఛార్జింగుకు మాత్రమే పనికివచ్చే చౌక కేబుళ్లతో ఇది జరగదు, డేటా కేబుల్ ఉండాలి.

4. నెట్ వచ్చాక అప్‌డేట్ చేయండి. ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్, మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిచి చూడండి. ముఖ్యంగా బ్రాడ్‌కామ్ చిప్ ఉన్న పాత డెల్, యాపిల్ లాప్‌టాప్‌లలో అవసరమైన డ్రైవర్ ఇక్కడే కనబడుతుంది. దానిని ఎంచుకుని రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు పని అయిపోతుంది.

మూడవ పరీక్షను విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. దరఖాస్తుకు రేపే ఆఖరు తేదీ అయితే కార్డు కోసం అంగళ్లు తిరగకండి. ఫోన్ కేబుల్‌తో ఆ రోజు పని పూర్తిచేయండి. కార్డు సంగతి తరువాత నిదానంగా చూసుకోవచ్చు.

చిప్ పేరు తెలుసుకునే విధానం

లైనక్స్ మింట్‌లో సిస్టమ్ రిపోర్ట్స్ అనే ప్రోగ్రామ్ తెరిచి సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కితే నెట్‌వర్క్ అన్న భాగంలో కార్డు పేరు, అది వాడుతున్న డ్రైవర్ పేరు కనబడతాయి. డ్రైవర్ అన్న చోట ఏమీ లేకపోతే ఆ చిప్‌కు డ్రైవర్ దొరకలేదని అర్థం.

ఏ లైనక్స్‌లోనైనా టెర్మినల్ ద్వారా కూడా చూడవచ్చు. లోపలి కార్డు కోసం ఎల్, ఎస్, పి, సి, ఐ అనే అయిదు చిన్న ఇంగ్లీషు అక్షరాలు కలిపి టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి ఎన్, ఎన్, కె అని కలపాలి. యూఎస్‌బీ డాంగిల్ అయితే ఎల్, ఎస్, యు, ఎస్, బి అని టైపు చేస్తే చాలు.

డాంగిల్‌కు వచ్చే వరుసలో 148ఎఫ్:7601 వంటి ఒక జంట సంఖ్య ఉంటుంది. ఇందులో అంకెలతో పాటు ఎ నుంచి ఎఫ్ వరకు ఇంగ్లీషు అక్షరాలు కూడా రావచ్చు. కోలన్‌కు ముందున్నది కంపెనీ నంబరు, తరువాతిది వస్తువు నంబరు. పెట్టె మీద ఏ పేరు రాసినా ఈ నంబరు మాత్రం అసలు సంగతి చెబుతుంది. ఈ నంబరుతో వెతికితే చిప్ పేరు, దాని లైనక్స్ డ్రైవర్ పేరు తెలుస్తాయి.

లాప్‌టాప్ లోపలి కార్డులలో 8086 ఉంటే ఇంటెల్, 168సీ ఉంటే ఎథెరాస్, 10ఈసీ ఉంటే రియల్‌టెక్, 14ఈ4 ఉంటే బ్రాడ్‌కామ్, 14సీ3 ఉంటే మీడియాటెక్. యూఎస్‌బీ డాంగిల్‌లలో 0బీడీఏ ఉంటే రియల్‌టెక్, 0సీఎఫ్3 ఉంటే ఎథెరాస్, 148ఎఫ్ ఉంటే రాలింక్. రాలింక్‌ను 2011లో మీడియాటెక్ కొన్నది. అందుకే కొన్ని మీడియాటెక్ చిప్‌లు కూడా రాలింక్ నంబరుతో కనబడతాయి.

ఇంకా విండోస్‌లోనే ఉన్నవారు డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద కార్డు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ వరుసగా ఎంచుకుంటే ఇదే నంబరు దొరుకుతుంది. లైనక్స్ వేయడానికి ముందే ఈ నంబరును నోటుపుస్తకంలో రాసుకోవడం మంచి అలవాటు.

ఒక చిన్న వింత కూడా తెలిసి ఉండాలి. కొన్ని రియల్‌టెక్ డాంగిల్‌లు పెట్టగానే వై-ఫై కార్డులా కాక, విండోస్ డ్రైవర్ ఉన్న సీడీ డ్రైవ్‌లా కనబడతాయి. అప్పుడు 0బీడీఏ:1ఏ2బీ అనే నంబరు వస్తుంది. డాంగిల్ పాడైందని అనుకోవద్దు. ఫైల్ మేనేజర్‌లో ఆ డ్రైవ్‌ను ఎజెక్ట్ చేస్తే కొద్ది క్షణాల్లో అసలు నంబరు బయటపడుతుంది.

కెర్నెల్ వెర్షన్ కూడా చూడాలి

చిప్‌కు లైనక్స్ డ్రైవర్ ఉంది అన్నంత మాత్రాన సరిపోదు. మీరు వాడే కెర్నెల్‌లో అది ఉండాలి. ఉబుంటు 22.04 తొలుత 5.15 కెర్నెల్‌తో, ఉబుంటు 24.04 తొలుత 6.8తో వచ్చాయి. డెబియన్ 12లో 6.1, డెబియన్ 13లో 6.12 ఉన్నాయి. లైనక్స్ మింట్ 21 ఉబుంటు 22.04 మీద, మింట్ 22 ఉబుంటు 24.04 మీద ఆధారపడినవి.

ఉదాహరణకు రియల్‌టెక్ ఆర్‌టీఎల్8811సీయూ చిప్ ఉన్న డాంగిల్ తీసుకోండి. దాని డ్రైవర్ 2023లో వచ్చిన 6.2 కెర్నెల్‌లో చేరింది. అదే డాంగిల్ 6.8 ఉన్న ఉబుంటు 24.04లో నేరుగా పని చేస్తుంది, 6.1 ఉన్న డెబియన్ 12లో చేయదు. ఇద్దరు స్నేహితులలో ఒకరు "బాగుంది" అని, మరొకరు "దండగ" అని చెప్పడానికి కారణం ఇదే. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇలాంటప్పుడు కొత్త డాంగిల్ కొనేకంటే లైనక్స్‌ను కొత్త వెర్షన్‌కు మార్చడమే చౌక.

ఏవి కొనవచ్చు?

యూఎస్‌బీ డాంగిల్‌లలో:

మీడియాటెక్ ఎమ్‌టీ7601యూ: చిన్నది, చౌక. డ్రైవర్ 2015లో వచ్చిన 4.2 కెర్నెల్ నుంచి ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటుంది.

రాలింక్ ఆర్‌టీ5370: ఇదీ 2.4 గిగాహెర్ట్జ్‌దే. పాత లైనక్స్‌లలో కూడా బాగా పని చేస్తుంది.

ఎథెరాస్ ఏఆర్9271: పాతదే అయినా నమ్మకమైనది. దీని ఫర్మ్‌వేర్ సోర్స్ కోడ్‌ను కూడా 2013లో విడుదల చేశారు. అలా జరగడం అరుదు.

మీడియాటెక్ ఎమ్‌టీ7612యూ: 5 గిగాహెర్ట్జ్ కూడా కావాలనుకునేవారికి. 2018లో వచ్చిన 4.19 కెర్నెల్ నుంచి ఉంది.

మీడియాటెక్ ఎమ్‌టీ7921ఏయూ: వై-ఫై 6 రకం. 2022లో వచ్చిన 5.18 కెర్నెల్ గానీ అంతకంటే కొత్తది గానీ ఉండాలి.

ఫారాలు నింపడానికి, పాఠాల వీడియోలు చూడటానికి మొదటి మూడు చాలు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలు దాటి కొంచెం ఎక్కువ దూరం వస్తాయి. 5 గిగాహెర్ట్జ్‌లో వేగం ఎక్కువ, దూరం తక్కువ. ఎక్కువమంది ఒకేసారి వాడే హాస్టళ్లలో 5 గిగాహెర్ట్జ్ ఉపయోగపడుతుంది.

లాప్‌టాప్ లోపల పెట్టే కార్డులలో ఇంటెల్‌వి సులభం. పాత 7260, 8265 వంటివి ఇప్పటి లైనక్స్‌లన్నిటిలో పని చేస్తాయి. ఏఎక్స్200కు 5.1, ఏఎక్స్210కు 5.10 కెర్నెల్ గానీ ఆ తరువాతవి గానీ కావాలి. ఉబుంటు 22.04 నుంచి ఈ రెండింటికీ ఇబ్బంది లేదు.

జాగ్రత్తగా ఉండవలసినవి: డ్రైవర్ కెర్నెల్‌లో లేక, ఎవరో విడిగా రాసి పెట్టినది దించుకొని వేసుకోవలసిన చిప్‌లు. ఇలాంటి డ్రైవర్ ఈ రోజు పని చేసినా, కెర్నెల్ అప్‌డేట్ అయిన మరునాడు ఆగిపోవచ్చు. లాప్‌టాప్‌లో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే దానికి వేరే తంతు కూడా ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ చదివే విద్యార్థికి ఇది మంచి అభ్యాసమే గానీ, పరీక్షల ముందు పెట్టుకోదగిన పని కాదు. బ్రాడ్‌కామ్ వారి విడి డ్రైవర్ చివరి విడుదల 2015 నాటిది. కాబట్టి కొత్తగా కొనేటప్పుడు బ్రాడ్‌కామ్‌ను ఎంచుకోవద్దు.

లోపలి కార్డు మార్చేటప్పుడు

కార్డు ఆకారం చూడాలి. పాత లాప్‌టాప్‌లలో మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు, తరువాతి వాటిలో ఎమ్.2 కార్డు ఉంటుంది. ఒకదాని చోట మరొకటి పట్టదు. యాంటెన్నా తీగల కొనల సైజు కూడా రెండింటికీ వేరు.

ఇంటెల్ ఏఎక్స్201, ఏఎక్స్211 కార్డులు ఎమ్.2 ఆకారంలోనే ఉంటాయి గానీ అవి తగిన ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న బోర్డులలో మాత్రమే పని చేస్తాయి. సగం పని ప్రాసెసర్ వైపున జరగడమే దీనికి కారణం. ఏఎండీ లాప్‌టాప్‌కు ఇవి పనికిరావు. వాటికి ఏఎక్స్200 గానీ ఏఎక్స్210 గానీ అడగాలి. పేరులో ఒక్క అంకె తేడాయే గానీ వస్తువు వేరు.

పాత లెనోవో థింక్‌ప్యాడ్, హెచ్‌పీ లాప్‌టాప్‌లలో కొన్ని, కంపెనీ ఆమోదించిన కార్డులు తప్ప వేరేవి పెడితే స్టార్ట్ అయ్యేటప్పుడే ఎర్రర్ చూపి ఆగిపోతాయి. ఇది బయోస్‌లో పెట్టిన కట్టడి. ఇటువంటి మెషీన్‌కు యూఎస్‌బీ డాంగిలే క్షేమం. కార్డు మార్చేముందు బ్యాటరీ కనెక్షన్ తీయడం తప్పనిసరి.

అంగడిలో ఎలా అడగాలి?

అంగడికి వెళ్లే ముందు కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ ఎక్కించుకొని పోండి. దీనిని ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడపవచ్చు. లాప్‌టాప్ కొంటున్నా, డాంగిల్ కొంటున్నా డబ్బు ఇవ్వకముందే ఆ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి చూడటమే అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష. నెట్‌వర్కుల పేర్లు కనబడితే సరిపోదు. మీ ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, దానికి కలిపి, ఒక పేజీ తెరిచి చూడండి.

అడగవలసిన మాటలు ఇవి:

"అన్నా, దీంట్లో చిప్ ఏ కంపెనీది? నంబరు చెబుతారా?"

"లేబుల్ మీద వెర్షన్ ఎంత ఉందో చూపిస్తారా?"

"నా లాప్‌టాప్‌లో పెట్టి చూసి తీసుకుంటానన్నా. పని చేయకపోతే వెనక్కి తీసుకుంటారా?"

మూడవ ప్రశ్నకు ఒప్పుకుంటే బిల్లు మీద ఆ మాట రాయించుకోండి. "అన్ని ఓ.ఎస్.లకూ పని చేస్తుంది" అన్న మాటను, పెట్టె మీద ఉన్న పెంగ్విన్ బొమ్మను చూసి తృప్తి పడవద్దు. చాలాసార్లు ఏదో ఒక పాత కెర్నెల్‌కు డ్రైవర్ ఇచ్చి ఆ బొమ్మ వేస్తారు. ఆన్‌లైన్‌లో కొనేవారు చిప్ పేరు రాయని వస్తువును వదిలేయడం మేలు. కొన్నా వాపసు గడువు లోపలే పరీక్షించాలి.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు

లైనక్స్ నేర్చుకుంటే పిల్లలకు లాభం ఉందా? ఉంది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్ల తరబడి లైనక్స్ మీదనే కంప్యూటర్ పాఠాలు చెబుతున్నారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ బాస్ అనే భారతీయ లైనక్స్‌ను తయారుచేసింది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనబడే లైనక్స్ కోసం 2005 నుంచి కృషి చేసింది. ఇంటర్నెట్టులోని సర్వర్లలో అధిక భాగం లైనక్స్ మీదే నడుస్తున్నాయి.

విండోస్ పూర్తిగా తీసేయాలా? తొందర వద్దు. కొన్ని ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్, కొన్ని కోర్సుల సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తాయి. ముందుగా కాలేజీలో విచారించి నిర్ణయించుకోండి.

డాంగిల్ కొంటే నెలనెలా డబ్బు కట్టాలా? డాంగిల్‌కు కట్టనక్కరలేదు. అది రేడియో మాత్రమే. నెట్ అనేది ఇంటి కనెక్షన్ నుంచో, కాలేజీ వై-ఫై నుంచో, ఫోన్ హాట్‌స్పాట్ నుంచో రావాలి. సిమ్ కార్డు వేసే డాంగిల్ వేరే వస్తువు. అంగడిలో రెండింటినీ డాంగిల్ అనే అంటారు కాబట్టి స్పష్టంగా అడగండి.

పిల్లవాడు రోజంతా టెర్మినల్‌లో ఏదో టైపు చేస్తున్నాడు, పాడుచేస్తాడా? చిప్ నంబరు చూసే కమాండ్లు చూపించేవే గానీ దేనినీ మార్చవు. భయపడనక్కరలేదు. అర్థం తెలియని కమాండ్‌ను ఎక్కడో చూసి పాస్‌వర్డ్‌తో నడపడం మాత్రం మానిపించండి.

క్లుప్తంగా

1. ముందు స్విచ్, అప్‌డేట్, డ్రైవర్ మేనేజర్ చూడాలి. తరువాతే కొనాలి.
2. గడువు దగ్గరుంటే ఫోన్ కేబుల్‌తో నెట్ తెచ్చుకొని పని ముగించాలి.
3. మోడల్, వెర్షన్, చిప్ ఈ మూడూ తెలుసుకోవాలి. మూడింటిలో చిప్ ముఖ్యం.
4. మీ కెర్నెల్ వెర్షన్‌లో ఆ చిప్ డ్రైవర్ ఉందో లేదో చూడాలి.
5. డబ్బు ఇవ్వకముందే పెన్‌డ్రైవ్ లైనక్స్‌తో పరీక్షించాలి.

మీ లాప్‌టాప్‌లో ఏ చిప్ ఏ లైనక్స్‌లో పని చేసిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మీ తరువాత చదువుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పండి. ఒకరు తెలుసుకున్న చిప్ నంబరు మరో ఇంట్లో కొన్ని వందల రూపాయలు మిగులుస్తుంది. ఆ రూపాయలు ఒక పుస్తకానికో, పరీక్ష ఫీజుకో పనికివస్తాయి.